అంతా పైవాడి దయే అయితే, రాత్రంతా మేలుకున్నవాళ్ళు ఎవరు?

ముందే ఒక మాట చెప్పేస్తా. దేవుడు ఉన్నాడా లేడా అన్న గొడవ ఇక్కడ పెట్టుకోవట్లేదు. ఆ వాదన వయసులో ఉన్నప్పుడు బోలెడంత చేశాను, గొంతు పోయేదాకా చేశాను, ఒక్కరంటే ఒక్కరు మారలేదు, నేనూ మారలేదు. నాకు నమ్మకం లేదు, మా ఇంట్లో నేను తప్ప అందరికీ ఉంది, అలాగే కలిసి బతికేస్తున్నాం. నా చిరాకంతా లెక్క రాసే పద్ధతి మీద. మంచి జరిగితే జమ ఆయన ఖాతాలో పడుతుంది, చెడు జరిగితే ఖర్చు మన ఖాతాలో పడుతుంది, ఈ పద్దు పుస్తకం ఎప్పుడు తెరిచి చూసినా ఆయన లాభాల్లోనే ఉంటాడు, మనం అప్పుల్లోనే ఉంటాం.

పరీక్ష పాసైతే ఆయన దయ, తప్పితే వెధవ సరిగ్గా చదవలేదు. ఆపరేషన్ సక్సెస్ అయితే దేవుడు చల్లగా చూశాడు, కాకపోతే డాక్టర్ నిర్లక్ష్యం. బస్సు లోయలో పడి పాతిక మంది పోయి ఒక్కడు బతికితే ఆ ఒక్కణ్ణి దేవుడు కాపాడాడు, ఆ పాతిక మందిని మాత్రం డ్రైవర్ చంపాడు. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు, సరే, మరి కుట్టినప్పుడు అందరూ నలిపేది చీమనే, ఆజ్ఞ ఇచ్చినాయన్ని ఎవరూ ఏమీ అనరు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గోల్ కొట్టినవాడు ఆకాశం వైపు వేళ్ళు చూపిస్తాడు. గోల్ వదిలేసిన కీపర్ కూడా మ్యాచ్ ముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నవాడే అయ్యుండొచ్చు, కానీ బంతి వలలో పడ్డాక వాడు పైకి చూసి "ఇది నీ పనే" అనడం నేనింతవరకు చూడలేదు. ఎవడైనా అంటే ఆ రోజునుంచి వాడికి ఫ్యాన్ అయిపోతా.

ఇందులో ఇంకో ఇరకాటం ఉంది, అది నమ్మనివాళ్ళకే తెలుస్తుంది. ఈ మాట ఎప్పుడు అనాలో అర్థం కాదు. అందరూ సంతోషంగా ఉన్నప్పుడు అంటే "శుభమా అని ఉంటే ఇప్పుడెందుకురా ఈ మాటలు" అంటారు. ఏడుపులో ఉన్నప్పుడు అంటే నేనే నాకు రాక్షసుడిలా కనిపిస్తాను. మామూలు రోజు ఈ మాట ఎత్తితే "నీకేం పని లేదా" అంటారు. నమ్మేవాళ్ళు ఇరవై నాలుగు గంటలూ ఎవరి పర్మిషన్ లేకుండా "అంతా ఆయన దయ" అనొచ్చు, అది మర్యాద. నేను ఒక్కసారి "అక్కడ ఆయనేం చేశాడు?" అని అడిగితే అది పొగరు. సభ్యత అన్నది రెండు వైపులా ఉండాలి కదా అని నాకు లోపల్లోపల ఉడుకుతూ ఉంటుంది.

దీనికి నాకు బాగా గుర్తుండిపోయిన సీన్ ఒకటి టీవీలో వచ్చింది. 2013 మే 20న అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని మూర్ అనే ఊరి మీద టోర్నడో విరుచుకుపడింది, 24 మంది పోయారు, అందులో ఒక స్కూల్లో ఉన్న ఏడుగురు పిల్లలు కూడా. మర్నాడు సీఎన్ఎన్ యాంకర్ వుల్ఫ్ బ్లిట్జర్ ఒక చిన్న వయసు తల్లితో మాట్లాడుతున్నాడు. ఆవిడ చంకలో పసివాడు, వెనకాల చూస్తే ఇళ్ళన్నీ పుల్లల కుప్ప. ఆవిడ ఆఖరి నిమిషంలో ఇంట్లో దాక్కోకుండా పిల్లాణ్ణి తీసుకుని కారులో బయటపడింది కాబట్టి బతికింది. ఆయన అడిగిందేంటంటే, ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయానికి దేవుడికి థాంక్స్ చెప్పుకుంటున్నారా అని. ఆవిడ కాస్త తటపటాయించి, నవ్వి, నేను నాస్తికురాలినండీ అంది. అని ఊరుకోకుండా, దేవుడికి థాంక్స్ చెప్పేవాళ్ళని నేను తప్పు పట్టను అని కూడా అంది. ఆ మర్యాద చూడండి. ఇల్లు పోయి, ఊరు పోయి నిలబడ్డ మనిషి ఎదుటివాళ్ళ నమ్మకం నొచ్చుకోకుండా జాగ్రత్త పడుతోంది. నాకు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోవాలనిపించింది. నిర్ణయం తీసుకున్నది ఆవిడ, కారు నడిపింది ఆవిడ, పిల్లాణ్ణి ఎత్తుకుంది ఆవిడ, క్రెడిట్ ఎవరికిస్తారు అని అడుగుతున్నది కూడా ఆవిడనే. ఆయన చెడ్డ ఉద్దేశంతో అడగలేదు, అది నాకు తెలుసు. సొమ్మొకడిది సోకొకడిది అన్న ఫీలింగ్ రాకుండా మాత్రం ఉండలేదు.

ఇక ఇంటి సంగతి. మా అక్కకి పాప ఇరవై తొమ్మిదో వారంలోనే పుట్టేసింది. కిలో పైన కొంచెం. ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, చాలా వారాలు ఉంది, మేమందరం వంతులేసుకుని కారిడార్లో కూర్చునేవాళ్ళం. లోపలికి ఒక్కొక్కళ్ళనే పంపేవాళ్ళు, అది కూడా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఉంగరాలూ వాచీ తీసేసి, గౌను వేసుకున్నాకే. అలా ఒక రాత్రి నేను లోపల ఉన్నాను. పాప ముక్కుకి ఊపిరికి సాయంగా గాలి నెట్టే సీపాప్ గొట్టం, కాలికి ఎర్రగా వెలిగే చిన్న క్లిప్పు, పైన మానిటర్లో ఆక్సిజన్ నంబర్. చూస్తూ చూస్తూ ఉండగా ఆ నంబర్ తొంభై మూడు, ఎనభై ఎనిమిది, ఎనభై ఒకటి అని దిగిపోతోంది, అలారం మొదలైంది, నాకు కాళ్ళు ఆడలేదు. నెలలు నిండని పిల్లలు అలాగే ఊపిరి తీసుకోవడం మర్చిపోతారట, ఊపిరి తీయమని చెప్పే మెదడు భాగం ఇంకా పూర్తిగా తయారవ్వదు కాబట్టి. నర్స్ వచ్చింది, పరుగేం పెట్టలేదు, ఇంక్యుబేటర్ పక్కన ఉండే గుండ్రటి కంతలోంచి చెయ్యి పెట్టి పాప అరికాలి మీద వేలితో రెండుసార్లు మెల్లగా తట్టింది. అంతే. పాప ఒక్కసారి ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంది. ఎనభై ఆరు, తొంభై, తొంభై నాలుగు. ఆవిడ ఛార్ట్‌లో టైమూ, ఎన్ని సెకన్లు ఆగిందీ, తట్టాల్సి వచ్చిందనీ రాసుకుని పక్క పాప దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆ పని ఆవిడ ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు, ఆవిడ ఛార్ట్‌లో ఉంటుంది.

పాపని ఇంటికి తీసుకెళ్ళే రోజు మా పెద్దమ్మ చేతులు రెండూ పైకెత్తి "అంతా ఆ భగవంతుడి చలవ, ఇంకెవరి వల్లా కాదు ఇది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ నర్స్ పక్కనే నిలబడి ఉంది, డిశ్చార్జి కాగితాలు పట్టుకుని. "భగవంతుడి చలవ" వరకు నాకేం ఇబ్బంది లేదు, అది పెద్దమ్మ మనసులో మాట. "ఇంకెవరి వల్లా కాదు" అన్నదాని దగ్గర నాకు ఒళ్ళు మండింది. నర్స్ మాత్రం నవ్వి "జాగ్రత్త అమ్మా, పాలు పట్టాక భుజాన వేసుకుని తట్టండి" అని చెప్పి వెళ్ళిపోయింది. అలవాటైపోయి ఉంటుంది పాపం.

ఆ తర్వాత నేను ఈ పిల్లలు బతకడం అనేది ఎప్పుడు మొదలైంది, ఎలా మొదలైంది అని చదవడం మొదలుపెట్టాను, చదివినకొద్దీ నా చిరాకు ఇంకాస్త పెరిగింది.

1963 ఆగస్టు 7న అమెరికా ప్రెసిడెంట్ జాన్ కెనెడీకి కొడుకు పుట్టాడు, పాట్రిక్ అని పేరు పెట్టారు. అయిదున్నర వారాలు ముందుగా. బరువు రెండు కిలోల పైనే, అంటే మా పాపకి దాదాపు డబుల్. ఊపిరితిత్తులు విచ్చుకోలేదు. ప్రపంచంలో అంతకన్నా పలుకుబడి ఉన్న తండ్రి లేడు, బోస్టన్‌లో పెద్ద పెద్ద డాక్టర్లు చూశారు, అధిక పీడనం ఉండే ఆక్సిజన్ ఛాంబర్లో పెట్టారు, కుటుంబం దైవభక్తి ఉన్న కుటుంబం, ప్రార్థించేవాళ్ళకి కొదవే లేదు. రెండు రోజులు కూడా నిండకుండానే, ఆగస్టు 9న బాబు పోయాడు. ఇవాళ మంచి ఆసుపత్రిలో అన్ని వారాల పిల్లాడు పుడితే డాక్టర్లు పెద్దగా కంగారు కూడా పడరు. అప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం మారింది? ప్రార్థనలు మారలేదు, తల్లిదండ్రుల ఏడుపు మారలేదు, నమ్మేవాళ్ళ లెక్క ప్రకారం దేవుడు అసలే మారడు. మారింది మనకి తెలిసిన సంగతులు.

అవి ఎలా తెలిశాయో కూడా చెప్పాలి, అందులోనే నా వాదన ఉంది. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టర్, జెర్ మీడ్ అనే ఆయనతో కలిసి ఒక సంగతి బయటపెట్టింది. ఇలా పోయిన పిల్లల ఊపిరితిత్తుల్లో నురగలా పనిచేసే ఒక పదార్థం, దాన్ని సర్ఫాక్టెంట్ అంటారు, అది కావలసినంత లేదు, అది లేక గాలి సంచులు ఊపిరి వదిలినప్పుడల్లా అతుక్కుపోతున్నాయి. కారణం తెలిసిన నాలుగేళ్ళకే కెనెడీ బాబు పోయాడు, మందు అప్పటికింకా లేదు. జపాన్‌లో ఫుజివారా అనే డాక్టర్, ఆయన టీమ్ ఆవు ఊపిరితిత్తుల్లోంచి తీసి తయారుచేసిన సర్ఫాక్టెంట్‌ని పదిమంది పిల్లలకి ఇచ్చి 1980లో ఫలితాలు ప్రచురించారు. కారణం పట్టుకోవడం నుంచి పిల్లల గొంతులో మందు పడేదాకా ఇరవై ఏళ్ళు.

దీనికన్నా నాకు బాగా నచ్చిన కథ న్యూజిలాండ్‌ది. గ్రాహం లిగిన్స్ అనే ప్రసూతి డాక్టర్ గొర్రెల మీద రీసెర్చ్ చేస్తున్నాడు, ఆయనకి కావలసింది అసలు ఊపిరితిత్తులు కాదు, కాన్పు నొప్పులు ఎందుకు మొదలవుతాయో తెలుసుకోవాలని. కడుపులో ఉన్న గొర్రెపిల్లలకి స్టెరాయిడ్ ఇస్తున్నాడు, ఇస్తే ముందుగానే ఈనుతున్నాయి. అలా దాదాపు నెల ముందే పుట్టిన ఒక గొర్రెపిల్ల పుట్టగానే చచ్చిపోవాలి, దాని ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్ళే అవకాశమే లేదు. చావలేదు. ఊపిరి తీసుకుంటోంది. ఇప్పుడు చెప్పండి, అద్భుతం అంటే ఇదే కదా? అచ్చంగా "దేవుడి లీల" అని దణ్ణం పెట్టుకుని ఇంటికెళ్ళిపోవాల్సిన సందర్భం. ఆయన ఇంటికెళ్ళిపోయి ఉంటే ఆ గొర్రెపిల్ల ఒక్కటే కథలో మిగిలేది. ఆయన "ఇదెలా బతికింది?" అని అడిగాడు. స్టెరాయిడ్ వల్ల ఊపిరితిత్తులు తొందరగా పక్వానికి వచ్చాయేమో అనుకుని, రాస్ హోవీ అనే పిల్లల డాక్టర్‌తో కలిసి 282 మంది తల్లులతో ట్రయల్ నడిపాడు, 1972లో ఫలితాలు వచ్చాయి, ఇంజెక్షన్ పడిన తల్లుల పిల్లల్లో ఊపిరి సమస్య తగ్గింది, చావులూ తగ్గాయి. మా అక్కకి కాన్పుకి ముందు ఒక రోజు తేడాతో రెండు ఇంజెక్షన్లు ఇచ్చారు, అవి ఆ గొర్రెపిల్ల దగ్గరనుంచి వచ్చినవే. పెద్దమ్మ "ఇంకెవరి వల్లా కాదు" అన్నప్పుడు ఆ లిస్టులో ఆ గొర్రెపిల్ల కూడా ఉంది.

నేను లెక్క ఒకవైపే రాస్తున్నాననుకోకండి. 1972లో ఫలితం వచ్చినా చాలా దేశాల్లో డాక్టర్లు దాన్ని మామూలుగా వాడటానికి చాలా కాలం పట్టింది, అమెరికాలో ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ నిపుణుల సభ పెట్టి గట్టిగా సిఫార్సు చేసింది 1994లో. ఆ మధ్యలో 22 ఏళ్ళు. అనుమానాలు, బద్ధకం, పాత పద్ధతి మీద మమకారం, ఆ కాలంలో బతకాల్సిన పిల్లలు ఎందరో పోయారు. ఆ పాపం నేను దేవుడి మీద తోయను, మనుషుల ఖాతాలోనే రాస్తాను. నేను అడిగేది అదే, చెడు మనుషులదని రాసే చేత్తోనే మంచి కూడా మనుషులదని రాయమని.

కొంతమందికి ఇది అహంకారం గొడవలా అనిపిస్తుంది, అంటే నేనేదో మనుషులకి సన్మానం జరగట్లేదని ఏడుస్తున్నానని. కొంతవరకు అది నిజమే, కానీ దానికన్నా ముఖ్యమైంది వేరే ఉంది. "అంతా ఆయన దయ" అనేస్తే అక్కడితో ప్రశ్న చచ్చిపోతుంది. ఎలా జరిగింది, మళ్ళీ జరిపించగలమా, పక్క పాపకి కూడా జరిపించగలమా, ఇవేవీ అడగక్కర్లేదు. పిడుగుని భూమిలోకి దింపేసే మెరుపు కడ్డీ సంగతే చూడండి, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కనిపెట్టకముందు యూరప్‌లో పిడుగులు పడకుండా చర్చి గంటలు మోగించేవాళ్ళు, ఎత్తైన గోపురం కింద తడి తాడు పట్టుకుని నిలబడ్డ గంటలు మోగించేవాళ్ళే పిడుగుపాటుకి పోయేవాళ్ళు. ఇవాళ ఏ మతం వాళ్ళదైనా సరే, పెద్ద ప్రార్థనా మందిరం పైకి చూడండి, మెరుపు కడ్డీ కనిపిస్తుంది. ఆ విషయంలో మాత్రం అందరికీ నా మతమే.

పక్క పాప అన్నాను కదా. అది రాయాలా వద్దా అని ఆలోచించాను, రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. మా పాప పక్క ఇంక్యుబేటర్లో ఉన్న బాబు పోయాడు. పేగులకి ఏదో ఇన్ఫెక్షన్ వచ్చింది, నెలలు నిండని పిల్లల్లో వస్తుందట, ఒక్క రోజులో అయిపోయింది. ఆ తల్లి కూడా మా అక్కలాగే మొక్కుకుంది, మాకన్నా ఎక్కువే మొక్కుకుంది, చేతిలో ప్రార్థన పుస్తకం ఎప్పుడూ ఉండేది. కారిడార్లో ఆ చివర ఆవిడ అత్తగారు "దేవుడికి ఇష్టమైన పిల్లలని తొందరగా దగ్గరికి తీసుకుంటాడమ్మా" అని ఓదారుస్తోంది, ఈ చివర మావాళ్ళు "మన మొర ఆలకించాడు, మన పాప గండం గట్టెక్కింది" అని గుసగుసలాడుతున్నారు. ఒకే కారిడార్. ఆవిడ మొహం తిప్పి మావైపు చూసింది. ఏం అనలేదు. మావాళ్ళ మాట వినపడిందో లేదో నాకు తెలీదు. వినపడి ఉంటే దాని అర్థం ఏంటి? మా మొర ఆలకించాడంటే ఆవిడ మొర ఆలకించలేదనే కదా. ఆ మాట అనేవాళ్ళలో ఎవరికీ ఆ ఉద్దేశం ఉండదు, మావాళ్ళు మంచివాళ్ళు, ఆవిడ కోసం ఏడ్చారు కూడా. అయినా ఆ వాక్యం లోపల ఆ అర్థం ఉంది, తీసేద్దామన్నా పోదు.

ఇది కొత్త ప్రశ్నేం కాదు, రెండు వేల ఏళ్ళ పైబడిన ప్రశ్న. గ్రీకు నాస్తికుడు డయాగరస్ గురించి రోమన్ రచయిత సిసిరో ఒక ముచ్చట రాశాడు. ఒక గుళ్ళో సముద్రంలో తుఫాను నుంచి బతికి బయటపడ్డవాళ్ళు మొక్కు తీర్చుకుని పెట్టించిన బొమ్మలు బోలెడు ఉన్నాయట, ఒకాయన వాటిని చూపించి దేవుళ్ళు మనుషుల్ని పట్టించుకోరంటావు కదా, ఇంతమంది మొక్కుకుని బతికారు చూడు అన్నాడట. ఈయన, అవును, మునిగిపోయినవాళ్ళ బొమ్మలు ఎక్కడా లేవు కదా అన్నాడట. అదే సిసిరో ఇంకోటి కూడా చెప్పాడు, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. డయాగరస్ ఓడలో వెళ్తుంటే తుఫాను వచ్చింది, ఇలాంటివాణ్ణి ఎక్కించుకున్నందుకే మనకీ గతి పట్టింది అని ఓడలోవాళ్ళు గొణిగారు. ఆయన అదే తుఫానులో కొట్టుకుంటున్న మిగతా ఓడలన్నీ చూపించి, వాటిలో కూడా డయాగరస్ ఉన్నాడంటారా అని అడిగాడు. మా కుటుంబంలో ఆ ఓడ నాకు బాగా పరిచయం. నాకు ఉద్యోగం వస్తే అమ్మ చేసిన పూజల ఫలం, ఉద్యోగం పోతే "నీకు నమ్మకం లేదు కదరా, అందుకే". పూజ చేసింది అమ్మ, నమ్మనిది నేను, ఫలితం మాత్రం రెండు వైపులా నాకే అంటుకుంటుంది.

పోనీ లెక్కపెట్టి చూద్దామా అని కొందరు నిజంగానే చూశారు. హెర్బర్ట్ బెన్సన్ నాయకత్వంలో అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది మీద పెద్ద స్టడీ చేసి 2006లో ప్రచురించారు. ఒక గుంపు కోసం ప్రార్థన చేయించారు, ఇంకో గుంపు కోసం చేయించలేదు, ఈ రెండు గుంపుల్లో ఎవరికీ తమ సంగతి కచ్చితంగా చెప్పలేదు. ప్రార్థన అందినవాళ్ళలో 52 శాతం మందికి, అందనివాళ్ళలో 51 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, అంటే తేడా లేదు. మూడో గుంపుకి మాత్రం మీకోసం ప్రార్థన జరుగుతోంది అని చెప్పి మరీ చేయించారు, వాళ్ళలో 59 శాతం. నాకోసం మనుషుల్ని పెట్టి ప్రార్థన చేయిస్తున్నారంటే నా పరిస్థితి అంత సీరియస్సా అని భయపడ్డారేమో అని ఒక వివరణ. దీంతో దేవుడు లేడని తేలిందని నేను అనను, దేవుడికి పరీక్ష పెట్టకూడదు అనేవాళ్ళు అప్పటికే రెడీగా ఉంటారు. కానీ ఫలితం తారుమారై 59 బదులు 39 వచ్చి ఉంటే వాళ్ళు ఆ మాట అనేవాళ్ళా? అన్ని భాషల్లో ఫార్వర్డ్ అయ్యేది.

ప్రార్థన వల్ల ఏమీ ఒరగదు అనేది మాత్రం నేను ఒప్పుకోను, ఇక్కడ నాస్తిక మిత్రులతో నాకు తగాదా. 2010 ఆగస్టు 5న చిలీలో గని కూలి 33 మంది కార్మికులు దాదాపు 700 మీటర్ల లోతున చిక్కుకుపోయారు. బతికున్నారన్న సంగతి పైవాళ్ళకి తెలియడానికే 17 రోజులు పట్టింది. ఆ రోజుల్లో వాళ్ళు రెండు రోజులకోసారి రెండు చెంచాల డబ్బా చేప, అరగ్లాసు పాలు, ఒక బిస్కెట్ పంచుకుని తిన్నారు, రోజూ కలిసి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన వాళ్ళని ఒకళ్ళనొకళ్ళు కొట్టుకోకుండా, డబ్బాలు దోచుకోకుండా ఒక కట్టుబాటులో ఉంచింది అంటే నేను వెంటనే ఒప్పుకుంటాను, చీకట్లో అంతమంది ఆకలితో కూర్చుని క్రమశిక్షణ తప్పకుండా ఉండటం మాటలు కాదు. 69వ రోజున వాళ్ళు బయటికొచ్చారు, ప్రపంచమంతా అద్భుతం అంది. డ్రిల్లింగ్ చేసినవాళ్ళు మూడు వేర్వేరు చోట్ల మూడు ప్లాన్లతో తవ్వితే అందులో ప్లాన్ బీ ముందుగా అందుకుంది. సరే, అద్భుతమే అనుకుందాం. కానీ గని కూలిన మొదట్లోనే వాళ్ళు గాలి సొరంగం గుండా పైకెక్కబోయారు, ఎక్కలేకపోయారు, అక్కడ ఉండాల్సిన నిచ్చెన కంపెనీ పెట్టలేదు. నిచ్చెన లేకపోవడం కంపెనీ తప్పు అని అందరూ అన్నారు, కరెక్టే. డ్రిల్ తగలడం మాత్రం దేవుడి చలవ. నిచ్చెన పెట్టకపోవడం మనిషి పనైతే డ్రిల్ దింపడం కూడా మనిషి పనే కదా అని అడిగితే మళ్ళీ నాదే మొండితనం.

దీనికి మా అక్క దగ్గర రెడీగా ఒక జవాబు ఉంది, ప్రతి ఇంట్లోనూ ఉంటుందనుకుంటా. "ఒరేయ్, ఆ నర్స్‌ని పంపింది ఎవరనుకున్నావు? ఆయన చేతులతో దిగొచ్చి చెయ్యడు కదా, మనుషుల రూపంలో చేయిస్తాడు."

"సరే అక్కా, మరి ఆ ఇన్ఫెక్షన్‌ని పంపింది ఎవరు?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"నీతో మాట్లాడలేంరా బాబూ."

ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. "అది వేరు" అన్న ఆ రెండు మాటల్లో మొత్తం పద్దు పుస్తకం ఉంది. ఇంకో సంగతి, నర్స్‌ని దేవుడు పంపలేదు, ఆవిడ నాలుగేళ్ళు చదువుకుని, నైట్ డ్యూటీలు ఒప్పుకుని, ఇంట్లో తన పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చింది. పనిముట్టు అనిపించుకోవడం గౌరవం అని నమ్మేవాళ్ళకి అనిపిస్తుందేమో, నాకైతే ఎవరైనా "నువ్వు చేసింది నువ్వు చేసింది కాదు" అంటే గౌరవంలా వినపడదు. ఆ నర్స్‌కి దైవభక్తి ఉండొచ్చు, ఆవిడే ఆ మాట అనుకోవచ్చు, అది ఆవిడ ఇష్టం. ఆవిడ తరఫున మనం అనెయ్యడం వేరు.

నమ్మనివాళ్ళలో కూడా ఇలాంటి దొంగ లెక్క ఉంది, అది దాచిపెట్టి ఊరుకుంటే అన్యాయం. "అంతా నా కష్టార్జితం, ఎవరి దయా లేదు" అంటూ ఛాతీ విరుచుకు తిరిగేవాళ్ళు నాకు దేవుడి దయ బ్యాచ్ కన్నా ఎక్కువ విసుగు తెప్పిస్తారు. ఎవరింట్లో పుట్టావు, ఎవరు చదివించారు, ఇంటర్వ్యూ రోజు నీకన్నా బాగా చెప్పగలిగినవాడికి జ్వరం వచ్చిందా, ఇవన్నీ ఎవరి కష్టం? దేవుడి దయ అనేవాళ్ళు కనీసం తమ చేతిలో లేనిది ఒకటి ఉందని ఒప్పుకుంటారు, ఆ వినయం నాకు ఇష్టమే. దాన్ని నేను అదృష్టం అంటాను, వాళ్ళు ఇంకో పేరు పెడతారు. మా పాపకి ఆ ఇన్ఫెక్షన్ రాకపోవడంలో అదృష్టం ఉంది, ఎవరెంత చేతులు కడుక్కున్నా కొంత అదృష్టం ఉంది. అదృష్టానికి నేను థాంక్స్ చెప్పను, అది పక్క బాబుని ఎందుకు వదిలేసిందని అడగను కూడా, దానికి తల్లీ పిల్లా తెలియరు. నాకు ఆ బాబు విషయంలో కాస్తయినా మనశ్శాంతి ఇచ్చేది అదొక్కటే, ఎవరూ ఎంచుకోలేదు, ఎవరూ కాదనలేదు.

మరి లోపల పొంగేది ఎక్కడ పెట్టుకోవాలి అంటారు, నమ్మనివాళ్ళకి కృతజ్ఞత చెప్పుకోవడానికి చిరునామా లేదు పాపం అని జాలిపడతారు కూడా. చిరునామాలు బోలెడు ఉన్నాయి, అదే నా గోల. అక్క దగ్గర పాలు ఎక్కువగా ఉండేవి, పాప తాగే మిల్లీలీటర్లు పోను మిగిలింది ఆ వార్డులోనే వేరే పిల్లలకి ఇచ్చింది, డాక్టర్లు పరీక్షలు చేసి తీసుకున్నారు. అక్క అది దైవకార్యం అంది, నేను పాలు అన్నాను, ఆ విషయంలో మేమిద్దరం కొట్టుకోలేదు.

తర్వాత నాకు ఒక సంగతి తెలిసింది. ఆ ఆసుపత్రిలో నర్స్ మీద కంప్లైంట్ వస్తే ఫైల్లోకి ఎక్కుతుందట, నోటిమాటగా మెచ్చుకుంటే ఎక్కదట, కాగితం మీద రాసిస్తేనే ఎక్కుతుంది, రాసిచ్చేవాళ్ళు దాదాపు ఉండరు. పని బాగా జరిగితే రాసేదేముంది, దేవుడికి దణ్ణం పెట్టి ఇంటికెళ్తారు కదా. అందుకని అక్కనే రాయమన్నాను, పాప తల్లి రాస్తే బాగుంటుందని. నైట్ షిఫ్ట్‌లో ఎవరెవరున్నారో, పాలు గొట్టంలో ఎవరు పట్టేవాళ్ళో, ఇంక్యుబేటర్ తుడిచే ఆయా పేరేంటో అన్నీ కనుక్కుని రాసింది, నాకన్నా తనకే బాగా గుర్తున్నాయి అన్నీ. చదవమని నాకిచ్చింది. "భగవంతుడి దయవల్ల మా పాప" అని మొదలుపెట్టింది. నేను కొట్టెయ్యమనలేదు. రెండో లైన్ నుంచి ఎనిమిది మంది పేర్లు ఉన్నాయి, ఎవరు ఏం చేశారో కూడా రాసింది, అరికాలు తట్టిన ఆవిడ పేరు మొదట ఉంది. ఒక పేరు స్పెల్లింగ్ మీద డౌటొస్తే అక్క ఫోన్ చేసి మరీ కనుక్కుంది.